దైవకృత తరుగు

నేను సభ్యత్వ సారథిగా ఉన్న ఏడాది మా క్లబ్బు ఎవరికీ ఏ సేవా చెయ్యలేదు. ఇది నేను ఫిర్యాదుగా చెప్పడం లేదు. ఆ ఏడాదే మా క్లబ్బుకు జిల్లాలో ఉత్తమ సేవా క్లబ్బుగా షీల్డు వచ్చింది. ఆ షీల్డు మా ప్రెసిడెంటు గారి కల్యాణ మండపంలో, వంటవాళ్ళ గదికి వెళ్ళే దారిలో, అద్దాల బీరువాలో ఉంది. చూడదలచినవాళ్ళు ముహూర్తాలు లేని రోజున వెళ్ళి చూడవచ్చు.

ముందు క్లబ్బు సంగతి చెప్పాలి. పైడిపేట ప్రదీప క్లబ్బు అంటే మొదట్లో గుప్పెడు మంది. రైసు మిల్లువాళ్ళు, మందుల షాపువాళ్ళు, ఒక ప్లీడరు గారు, ఇద్దరు కాంట్రాక్టర్లు, నేను. వేసవిలో బస్టాండు దగ్గర మజ్జిగ చలివేంద్రం, బడులు తెరిచాక పిల్లలకు నోటు పుస్తకాలు, కార్తీకంలో కంటి శిబిరం. మేం చేసే పనులు ఈ మూడే. అందులో కంటి శిబిరం మాత్రం నిజంగా మంచి పని. పట్నం నుంచి కంటి ఆస్పత్రివాళ్ళు బస్సు వేసుకుని వచ్చేవారు. శుక్లాలు ముదిరిన పేదవాళ్ళను మా క్లబ్బు ఇచ్చిన చీటీ మీద ఎక్కించుకుని, ఉచితంగా ఆపరేషన్ చేసి, నల్లద్దాలు పెట్టి మళ్ళీ మా ఊళ్ళో దింపేవారు. వెళ్ళేటప్పుడు చెయ్యి పట్టుకుని బస్సెక్కినవాళ్ళు, వచ్చేటప్పుడు డ్రైవరుతో పోట్లాడుతూ దిగేవారు.

మెంబరైనవాడు పేరు ముందు 'ప్రదీప' అని చేర్చుకోవాలి. చొక్కాకి దీపం బొమ్మ బేడ్జి పెట్టుకోవాలి. ఆ లెక్కన నేను ప్రదీప లెంక ఈశ్వరరావుని. ఎయిడెడ్ హైస్కూల్లో సోషల్ మేష్టార్ని. మా వంశంలో డిగ్రీ చదివినవాళ్ళలో నేనే మొదటివాణ్ణి, ఇప్పటికి ఆఖరివాణ్ణి కూడా. ఎవరైనా 'బాధ్యత' అన్న మాట పలికితే లేచి నిలబడే అలవాటు నాకు చదువుతో పాటే వచ్చింది. అంత పెద్దవాళ్ళ మధ్య నన్నెందుకు చేర్చుకున్నారని మొదట్లో ఆశ్చర్యపడేవాణ్ణి. సభ అయ్యాక టెంటు హౌసువాళ్ళకు కుర్చీలు అప్పజెప్పేవాడు ఒకడుండాలని తరువాత అర్థమైంది.

ఆ ఏడాది జూలైలో కొత్త కార్యవర్గం ప్రమాణ స్వీకారానికి జిల్లా గవర్నరు దివాకర వర్మ గారు వచ్చారు. జిల్లా గవర్నరంటే క్లబ్బుల జిల్లాకు గవర్నరు. అసలు గవర్నరుతో ఆయనకు ఏ సంబంధమూ లేదు. ఈ సంగతి ఆయనకు తప్ప అందరికీ తెలుసు. మెడలో గొలుసు, గొలుసుకు పతకం, వెనకాల ఒక మనిషి, ఆ మనిషి చేతిలో గవర్నరు గారి నీళ్ళ సీసా.

"ప్రదీప మిత్రులారా," అన్నారాయన. "ఇంతమందికి చూపు తెప్పించాం, అంతమందికి మజ్జిగ పోశాం అని ఇప్పుడే నివేదిక చదివారు. సంతోషం. కానీ నేనొక ప్రశ్న అడుగుతాను. దీపం గొప్పదా, వెలుగు గొప్పదా?"

ప్లీడరు గారు వెలుగు అన్నారు.

"దీపం," అన్నారు గవర్నరు గారు. "దీపం ఉంటే కదండీ వెలుగు. కాబట్టి మీరు దీపాలను పెంచండి. వెలుగు సంగతి తదుపరి కార్యవర్గాలు పరిశీలిస్తాయి. మన కేంద్ర కార్యాలయం ఈ సంవత్సరాన్ని సభ్యత్వ సంవత్సరంగా ప్రకటించింది. నినాదం: చేరినవారు చేరినట్టే. అనగా రాజీనామాలు స్వీకరించబడవు. తొలగింపులు ఉండవు. ఏ క్లబ్బులో ఒక్క సభ్యుడు తగ్గినా ఆ క్లబ్బు దీపం కొండెక్కినట్టు భావించబడును."

అందరూ చప్పట్లు కొట్టారు. మా ప్రెసిడెంటు కోరాడ త్రినాథరావు గారు, కల్యాణ మండపం ఆయనదే, లేచి హాలంతా ఒకసారి చూశారు. "ఈ మహత్తర బాధ్యతకు ముందుకు వచ్చి నిలబడిన ప్రదీప ఈశ్వరరావు మేష్టారికి అభినందనలు," అన్నారు. నేను ముందుకు వచ్చి నిలబడలేదు. నాకు కుర్చీ చాలక నిలబడ్డాను. ఆ మాట చెప్పేలోపల నా భుజం మీద పట్టీ వేశారు. దాని మీద 'సభ్యత్వ సారథి' అని జరీతో కుట్టి ఉంది.

అప్పజెప్పిన పని చెయ్యకపోవడం నాకు చేతకాదు. మర్నాటి నుంచే తిరగడం మొదలుపెట్టాను. మొదట షాపులవాళ్ళు చేరారు, తరువాత వాళ్ళ బావమరుదులు. స్కూల్లో తల్లిదండ్రుల సమావేశం పెట్టి, పిల్లల మార్కుల గురించి ఒక్క మాటా చెప్పకుండా అందరికీ బేడ్జీలు పెట్టి పంపాను. మార్కుల ప్రసక్తి తేనందుకు వాళ్ళు నాకు కృతజ్ఞతలు చెప్పి వెళ్ళారు. మా వీధి మంగలి షాపతను ప్రెసిడెంటు గారి మాట కాదనలేక, ఒకవైపు గడ్డం గీశాక చెయ్యి ఆపి, మెంబరైతేనే రెండోవైపు గీస్తానన్నాడు. అలా కొన్నాళ్ళు బాగానే పెరిగాం.

చేరే ప్రతివాడూ వెలుగుతున్న దీపం ముందు కుడిచెయ్యి చాపి ఒక ప్రమాణం చెయ్యాలి. 'సేవ చేయుటకే గాని సేవ పొందుటకు నేను చేరుట లేదు. నేను సభ్యుడనై యుండగా క్లబ్బు వారి సాయమును దేనినీ ముట్టను.' ఈ నియమం మొదటి నుంచీ ఉంది. ఉచిత నోటు పుస్తకాలు రైసు మిల్లువాళ్ళ పిల్లలే పట్టుకుపోకుండా ఎవరో బుద్ధిమంతుడు పెట్టిన నియమం. అప్పట్లో అది మంచి నియమమే.

ఇక్కడ మా అత్త సంగతి చెప్పాలి.

సన్యాసమ్మ మా నాన్న చెల్లెలు. చీరలకు ఫాల్స్ కుడుతుంది. మెయిన్ రోడ్డు మీది చీరల కొట్టువాళ్ళు మూటగట్టి పంపితే అరుగు మీద కూర్చుని సూదితో కుట్టుకుంటుంది. మా నాన్న పోయాక నా డిగ్రీ ఆ సూది మీదే గట్టెక్కింది. నేను ఆ మాటంటే ఆవిడకు నచ్చదు. "నీ సదువు నువ్వు సదూకున్నావు, నా కుట్టు నాను కుట్టుకున్నాను. మజ్జిన నీకేటి బాధ?" అంటుంది.

ఆ వానాకాలం నుంచి ఆవిడ కుడికంట్లో శుక్లం ముదిరింది. ఎడమకంట్లో పొర అప్పుడే మొదలైంది. పొద్దున్న స్కూలుకు వెళ్ళేముందు నేను సూదులన్నింటికీ దారాలు ఎక్కించి, వరసగా దిండుకు గుచ్చి వెళ్ళేవాణ్ణి. ఆవిడ తడుముకుని ఒక్కొక్కటీ తీసుకునేది. ఒకరోజు గంధం రంగు పట్టుచీరకు ఫాలు లోపలివైపు కాక పైవైపు కుట్టేసింది. కొట్టతను చీర పట్టుకుని ఇంటికి వచ్చాడు. అరవలేదు. "అత్తా, ఇంకోపాలి ఇలగయితే మూట పక్కీదికి పంపీవలసొస్తాది. మరేటనుకోకు," అని వెళ్ళిపోయాడు. అరిస్తే బాగుండేది.

"కార్తీకంలో మా క్లబ్బు కంటి శిబిరం ఉంది కదత్తా," అన్నాను.

"మీ కలబ్బు మంచిదేరా," అంది అత్త.

సభ్యత్వం పని ఒత్తిడి వల్ల శిబిరం కార్తీకం నుంచి మాఘానికి వాయిదా పడింది. మాఘం నుంచి ఉగాది వెళ్ళాక అన్నారు. నేను అడిగినప్పుడల్లా ప్రెసిడెంటు గారు చల్లగా చెప్పేవారు. "మేష్టారూ, శుక్లం ఎక్కడికీ పోదు. మెంబర్లే, చెయ్యి జారితే పక్క క్లబ్బుకు పోతారు."

మా ఎయిడెడ్ స్కూల్లో జీతాలు వచ్చినప్పుడు వస్తాయి. బయట ఆస్పత్రి ఆలోచన నాకు లేదు. ఉన్నది క్లబ్బు చీటీ ఒక్కటే. అందుకని ఊళ్ళో ఎవరెవరినో చేర్చినా అత్తను మాత్రం చేర్చలేదు. ప్రమాణం చేసినవాళ్ళు సాయం ముట్టకూడదు కదా. ఆవిణ్ణి శిబిరం కోసం దాచుకున్నాను.

ఎండలు వచ్చాయి. బస్టాండు దగ్గర తాటాకు పందిరి వేసి చలివేంద్రం తెరిచాం. ప్రెసిడెంటు గారు ప్రారంభోత్సవానికి కూర్చుని, మజ్జిగ కోసం నిలబడ్డ వరసను చాలాసేపు చూశారు. తరువాత నన్ను పిలిచారు.

"మేష్టారూ, మనం గడపగడపకీ తిరగడమేమిటండీ? ఇక్కడ జనం వాళ్ళంతట వాళ్ళే చెయ్యి చాపుకుని వస్తున్నారు. ఆ చేతిలో గ్లాసు పెట్టే ముందు ఒక్క ప్రమాణం చేయించెయ్యండి. చెయ్యి ఎలాగూ చాపే ఉంది."

మొదట ఒక ఆటో అతను వచ్చాడు. చెమటలు కారుతూ ప్రమాణం చేశాడు. బేడ్జి పెట్టించుకున్నాడు. గ్లాసు కోసం చెయ్యి పెట్టాడు.

ప్రెసిడెంటు గారు గ్లాసు మీద అరచెయ్యి వేశారు. "ప్రదీప గారూ, తమరు ఇప్పుడు సభ్యులు. తాగరాదు. పొయ్యాలి."

"దాహమేస్తందండీ."

"అందరికీ వేస్తుంది. సభ్యుడికి ఎదుటివాడి దాహం ముఖ్యం. ఇలా బల్ల ఇవతలికి రండి."

అతను ఇవతలికి వచ్చి గరిటె పట్టుకున్నాడు. అతని వెనకాల పల్లెటూరి నుంచి వచ్చిన మొగుడూపెళ్ళాలు ప్రమాణం చేసి ఇవతలికి వచ్చారు. వాళ్ళ వెనకాల కాలేజీ కుర్రాళ్ళు. మధ్యాహ్నం బస్సులు వచ్చేసరికి బల్లకు ఇవతల తోపులాటగా ఉంది, అవతల ఒక్కరూ లేరు. గరిటెలు చాలక కొందరు ఖాళీ చేతులతో పోస్తున్నట్టు నిలబడ్డారు. అందరి నాలుకలూ పిడచగట్టుకుపోయాయి. ఫొటో మాత్రం చాలా బాగా వచ్చింది. అంత మంది సేవకులు ఒక్క బల్ల వెనక ఉన్న ఫొటో జిల్లాలో మరొకటి లేదని గవర్నరు గారు ఫోన్లో మెచ్చుకున్నారు.

సాయంత్రానికి మజ్జిగ పులిసింది. బస్టాండులో తిరిగే గేదె ఒకటి వచ్చి కుండలో మూతి పెట్టింది. దాన్ని చేర్చుకునే వీలు నిబంధనల్లో ఉందేమో చూడమని ప్రెసిడెంటు గారు నన్నడిగారు. చూశాను. లేదని చెప్పాను. ఆయన కొంచెం నిరుత్సాహపడ్డారు.

ఈ పద్ధతి అందుకున్నాక ఇక మాకు అడ్డు లేకపోయింది. రేషను వరసలో, పెద్దాస్పత్రి గేటు దగ్గర, పింఛను ఇచ్చే అరుగు మీద, ఎక్కడ చాచిన చెయ్యి కనిపిస్తే అక్కడ బేడ్జి పెట్టాం. మే నెలాఖరుకు పైడిపేటలో మా అత్త తప్ప పెద్దవాళ్ళందరూ ప్రదీపలే. గవర్నరు గారు పరవశించిపోయి, 'శత శాతం ప్రదీప పట్టణం' అని పాలరాతి ఫలకం చెక్కించారు. దాన్ని ఆవిష్కరించడానికి జూన్లో తానే వస్తున్నారు. ఆ రోజే కంటి శిబిరం కూడా. నాకు ప్రాణం లేచి వచ్చింది.

సరిగ్గా అప్పుడు ప్రెసిడెంటు గారు మా ఇంటికి వచ్చారు. అరుగు మీద అత్త సూది కోసం దిండు తడుముతోంది.

"మేష్టారూ, శత శాతం అని రాతి మీద చెక్కేశారు. రాయి అబద్ధం చెప్పకూడదు. ఊరు మొత్తం మీద మీ అత్తగారొక్కరే మిగిలారు."

"అత్తకు శిబిరంలో ఆపరేషను ఉందండీ. మెంబరైతే చీటీ ఇవ్వకూడదు కదా."

"ఆ సంగతి నాకొదిలెయ్యండి. మీ అత్తగారి కన్ను నా బాధ్యత."

ఆయన ఆ మాట అనకుండా ఉండవలసింది. బాధ్యత అన్న మాటకు నేను లేచి నిలబడ్డాను. నిలబడ్డాక ఇక కాదనలేకపోయాను. అరుగు మీదే దీపం వెలిగించాం. అత్త దీపం ఎక్కడుందో తెలియక వేడిని బట్టి చెయ్యి చాపింది. నేను చెప్పింది చెప్పినట్టు పలికింది. పైట మీద బేడ్జి పెట్టించుకుని వేళ్ళతో రెండుమూడుసార్లు తడిమి చూసుకుంది.

"నీలాగే నాకూ పెట్టినారేటిరా," అని మురిసిపోయింది.

శిబిరం నాడు కల్యాణ మండపం పెళ్ళివారిల్లులా ఉంది. గుమ్మానికి అరటి బోదెలు కట్టారు. గవర్నరు గారు ఫలకం ఆవిష్కరించారు. పది గంటలకు కంటి ఆస్పత్రి బస్సు వచ్చింది. డాక్టరు జహీదా గారు దిగారు. ఆవిడ ఏటా మా శిబిరానికి వచ్చే మనిషే, ఎక్కువ మాట్లాడరు. హాల్లోకి వచ్చి చూశారు. హాలు నిండా ముసలివాళ్ళు. అందరి ఒంటి మీదా 'వాలంటీరు' అని పట్టీ. రోగులను చెయ్యి పట్టి నడిపించే పని వాళ్ళకు అప్పజెప్పారు. వాళ్ళు ఒకరినొకరు చెయ్యి పట్టుకుని, రోగులనుకుని, స్తంభాల చుట్టూ నడిపిస్తున్నారు. ఒక తాత చాలా మర్యాదగా ఒక కుర్చీని తీసుకొచ్చి డాక్టరు గారి ముందు నిలబెట్టి, "ఈయన్ని ముందు చూడండమ్మా, పెద్దాయన," అన్నాడు.

"పేషెంట్లేరి?" అన్నారు డాక్టరు గారు.

"పేషెంట్లంటూ ఎవరూ లేరమ్మా," అన్నారు ప్రెసిడెంటు గారు. "మా ఊళ్ళో అందరూ సభ్యులే."

"వీళ్ళందరికీ శుక్లాలు ఉన్నాయండీ. ఇక్కణ్ణుంచే కనిపిస్తున్నాయి నాకు."

"ఉండవచ్చు. కానీ వారు సేవ చేసే స్థాయికి ఎదిగారు."

గవర్నరు గారు కల్పించుకున్నారు. "డాక్టరు గారూ, ఇది చారిత్రక ఘట్టం. సేవ అవసరం లేని పట్టణాన్ని మీరు చూస్తున్నారు. ఈ విషయం మీ నివేదికలో పొందుపరచండి."

డాక్టరు గారు సంచిలోంచి టార్చి తీశారు. పక్కనే నిలబడ్డ మా అత్త గడ్డం పట్టుకుని పైకెత్తి, టార్చి వేసి చూశారు. చాలాసేపు చూశారు.

"ఎన్నాళ్ళుగా ఇలా ఉందమ్మా?"

"వానల్నుంచమ్మా. కార్తీకంలో సేయిస్తానన్నాడు మా మేనల్లుడు."

డాక్టరు గారు నా వైపు తిరిగారు. "కుడికన్ను బాగా ముదిరిపోయింది. లోపల ఒత్తిడి మొదలవుతోంది. ఇంకో నెల పోతే నరం దెబ్బతింటుంది. ఆ తరువాత ఎవరు ఆపరేషన్ చేసినా చూపు రాదు. ఎడమది ఇప్పుడే కాదు, వచ్చే ఏడు చేయవచ్చు. ఇది మాత్రం ఇవాళే బస్సెక్కాలి. చీటీ ఇవ్వండి."

నేను ప్రెసిడెంటు గారి వైపు చూశాను. ఆయన పైకప్పు వైపు చూశారు.

"తమరు బాధ్యత అన్నారు," అన్నాను.

"అన్నాను. ఇప్పటికీ బాధ్యతగానే భావిస్తున్నాను. కానీ చీటీ ఇస్తే ప్రమాణ భంగం."

"అయితే అత్త రాజీనామా చేస్తుంది."

గవర్నరు గారు నవ్వారు. "చేరినవారు చేరినట్టే. పైగా ఇప్పుడే ఫలకం ఆవిష్కరించాను. సిమెంటు ఇంకా తడారలేదు."

"ఆ భంగానికి శిక్షగా నన్ను తొలగించి ఆవిడకు చీటీ ఇవ్వండి."

"మీరు జిల్లాలో ఉత్తమ సభ్యత్వ సారథి. మిమ్మల్ని తొలగిస్తే మిమ్మల్ని మించినవాళ్ళు నాకెక్కడ దొరుకుతారు?"

బస్సు డ్రైవరు హారను కొట్టాడు. అత్తకు ఏం జరుగుతోందో సరిగా తెలియదు. "ఏటయినాదిరా?" అంటోంది. నేను క్లబ్బు నిబంధనలన్నీ చదివినవాణ్ణి. మా క్లబ్బులో చదివినవాణ్ణి నేనొక్కణ్ణే. అప్పుడు గుర్తొచ్చింది.

"గవర్నరు గారూ, సభ్యుడు పోతే?"

"ఎక్కడికి పోతే?"

"చనిపోతే."

ఆయన ముఖం గంభీరమైంది. ఇది ఆయనకు బాగా తెలిసిన విషయం. "మరణం వల్ల కలిగే లోటు దైవకృత తరుగు. అది తగ్గుదల కిందికి రాదు. సంతాప తీర్మానం చేసి, పటానికి దండ వేసి, రెండు నిమిషాలు మౌనం పాటిస్తే ఆ సభ్యత్వం సగౌరవంగా ముగిసినట్టు. శత శాతానికి భంగం లేదు. పోయినవారు జనాభాలో ఉండరు కదా."

"అయితే మా అత్త పోయిందండీ," అన్నాను.

ప్రెసిడెంటు గారు అత్త వైపు చూశారు. అత్త పైట సర్దుకుంది.

"మరణానికి రుజువు?" అన్నారు గవర్నరు గారు.

"నిబంధనల్లో రుజువు అడగలేదండీ. తీర్మానం చాలు."

"కారణం?"

"కారణం కూడా అడగలేదు."

గవర్నరు గారు వెనక్కి చెయ్యి చాపారు. వెనకాల మనిషి నీళ్ళ సీసా ఇచ్చాడు. ఒక గుక్క తాగి, "నిబంధనల్లో లేని అడ్డంకులు సృష్టించడం నా విధానం కాదు," అన్నారు.

వెంటనే సభ ఏర్పాటైంది. ముందురోజు రాత్రి జరిగిన ఎవరిదో పెళ్ళి తాలూకు దండలు గదిలో ఉన్నాయి. ఫొటోగ్రాఫరు అత్తను గోడకు ఆనించి, "నవ్వకమ్మా, ఇది అలాంటి ఫొటో కాదు," అని ఫొటో తీసి పక్క స్టూడియోలో అచ్చు వేయించుకొచ్చాడు. పటం కుర్చీలో పెట్టారు. పక్క కుర్చీ ఖాళీగా ఉందని అత్త అందులో కూర్చుంది.

"పైడిపేట క్లబ్బు ఒక దీపాన్ని కోల్పోయింది," అన్నారు గవర్నరు గారు. "ప్రదీప సన్యాసమ్మ గారు మృదుస్వభావి. నిరాడంబర జీవి. ఎవరినీ ఒక మాట అని ఎరగరు. సూదిని నమ్ముకుని, ఒకరి ముందు చెయ్యి చాపకుండా బతికిన ధీరవనిత. వారి లోటు పూడ్చలేనిది. దైవకృత తరుగు గనుక పూడ్చవలసిన అవసరమూ లేదు. వారి ఆత్మకు శాంతి కలగాలని రెండు నిమిషాలు మౌనం పాటిద్దాం."

అందరూ లేచారు. అత్త కూడా లేచి, చేతులు కట్టుకుని, తల వంచుకుని నిలబడింది. కాసేపటికి నా మోచెయ్యి పట్టుకుని గుసగుసగా అడిగింది.

"ఎవులు పోనారురా?"

"నువ్వే అత్తా."

"నానా?"

"క్లబ్బు మట్టుకే. మాట్లాడకు. మౌనం."

ఆవిడ మళ్ళీ తల వంచుకుంది. మౌనం అయ్యాక పైటతో కళ్ళు తుడుచుకుంది. "బతికుండగా నన్నింత మంచిగా ఎవులూ అన్నేదురా," అంది.

చీటీ రాసి ఇచ్చారు. డాక్టరు గారు దాన్ని పైకీ కిందికీ చూసి, "దీంతో నాకు పని జరుగుతుంది," అని అత్తను బస్సెక్కించారు.

అప్పటిదాకా స్తంభాల చుట్టూ తిరుగుతున్న వాలంటీర్లు ఇదంతా విన్నారు. చూపు లేకపోయినా చెవులు ఉన్నాయి. ఇందాక కుర్చీని తీసుకొచ్చిన తాత ముందుకు వచ్చాడు.

"బావూ, నన్నూ సంపీయండి."

"మీరు ఆరోగ్యంగా ఉన్నారు కదండీ," అన్నారు ప్రెసిడెంటు గారు.

"సన్నేసమ్మ మాత్రం మంచం మీదుందేటి?"

మిగతా వాలంటీర్లు అతని వెనక వరస కట్టారు. మా ఊరి జనం పదినెలలుగా వరస కట్టి చేరుతున్నారు. ఇప్పుడు అంతే క్రమశిక్షణతో పోవడానికి నిలబడ్డారు. ఒకావిడ మొగుణ్ణి వెనక్కి నెట్టి, "నాను ముందు పోతాను, పసుపూ కుంకాలతో. ఈయన ఎనకాల రానీ," అని పట్టుబట్టింది. ఆవిడ తీర్మానమే ముందు చదివారు. మొగుడు పక్కనే నిలబడి పెళ్ళానికి మౌనం పాటించాడు. ఇంట్లో ఎన్నడూ అంతసేపు పాటించలేదట. "నాకూ మంచి మాటలు సెప్పండి, సన్నేసమ్మకు సెప్పినట్టు," అని ఒకాయన అలిగాడు. గవర్నరు గారికి గొంతు పోయేసరికి మిగిలినవాళ్ళందరూ సామూహికంగా మరణించినట్టు ఒకే తీర్మానం చేశారు.

ఇంతమంది ఒక్క పూటలో పోతే పై ఆఫీసు ఏమంటుందోనని ప్రెసిడెంటు గారు భయపడ్డారు. గవర్నరు గారు భయపడలేదు. ఆ నీళ్ళ సీసా మనిషి చేత లెక్క వేయించి, ముఖం వెలిగిపోగా మాకు వివరించారు. సంతాప సభ సేవా కార్యక్రమం కిందికి వస్తుంది. తలకొక కార్యక్రమం. ఇన్ని సేవా కార్యక్రమాలు ఒక్క పూటలో చేసిన క్లబ్బు దేశంలో ఉండదు. పైగా సభ్యత్వం ఒక్కటీ తగ్గలేదు. నేను మొదట చెప్పిన షీల్డు దీనికే వచ్చింది.

డాక్టరు జహీదా గారి బస్సు మూడుసార్లు తిరిగింది. మా ఊరి కీర్తిశేషులందరూ నల్లద్దాలతో దిగి, డ్రైవరుతో పోట్లాడుకుంటూ ఇళ్ళకు వెళ్ళారు.

ఇంకొక్క సంగతి చెప్పి ముగిస్తాను. జూలై వచ్చింది. కొత్త సంవత్సరం, కొత్త నినాదం. ప్రెసిడెంటు గారినే మళ్ళీ ఎన్నుకున్నారు. ఆయన నన్ను పిలిచి, తలుపు దగ్గరగా వేశారు.

"మేష్టారూ, ఒకటి గమనించారా? పోయినవాళ్ళు తగ్గుదల కిందికి రారు. కానీ వాళ్ళు మళ్ళీ చేరితే కొత్త సభ్యులు. పెరుగుదల కిందికి వస్తారు. ఏటా శిబిరానికి ముందు పోవడం, శిబిరం అయ్యాక చేరడం. ఇలా అయితే మన క్లబ్బు పెరుగుదలకు హద్దే లేదు. మీ అత్తగారితో మొదలుపెట్టండి. ఆవిడ మార్గదర్శి."

కొత్త బేడ్జి తీసుకుని ఇంటికి వెళ్ళాను. అత్త అరుగు మీద ఉంది. పక్కన చీరల మూట. కొట్టతను ఆ వారం నుంచి మళ్ళీ పంపుతున్నాడు. దిండుకు గుచ్చిన సూదులన్నీ ఖాళీగా ఉన్నాయి. నేను పొద్దున్న దారం ఎక్కించబోతే చెయ్యి తోసేసింది. ఇప్పుడు సూది వెలుతురుకు పెట్టి, ఒక కన్ను మూసి, దారం ఒక్కసారికే ఎక్కించింది. ఎక్కించి నా వైపు చూసింది, చూశావా అన్నట్టు. వచ్చిన పని మొదలుపెట్టాను.

"అత్తా, క్లబ్బువాళ్ళు నిన్ను మళ్ళీ చేరమంటున్నారు."

"నాను పోనాను కదా."

"పోయినవాళ్ళు మళ్ళీ చేరవచ్చునట."

అత్త నా చేతిలోంచి బేడ్జి తీసుకుంది. మొదటిది తడిమింది గానీ చూడలేదు కదా. తిప్పి తిప్పి చూసింది. దీపం బొమ్మ కింద అక్షరాలు చూసింది. వెనక పిన్ను చూసింది.

"రెండో కన్ను వొచ్చే ఏడు సేస్తానందిరా డాక్టరమ్మ. అందాకా నాను సచ్చే ఉంటాను. మీ పెసిడెంటుకి సెప్పు, బతికినాక కబురంపుతానని."

"మరి వాళ్ళకు ఏం చెప్పను?"

"సెప్పినాను కాదేటి? ఇలగ పట్టుకో." చీర అంచు నా చేతిలో పెట్టింది. ఫాలు దాని మీద పరిచి, జారిపోకుండా ఆ బేడ్జి పిన్నుతో కొసను గుచ్చి బిగించింది. దీపం బొమ్మ చీర మడతల మధ్య తలకిందులుగా వేలాడింది. రెండో కొస ఊగుతోంది. అత్త చుట్టూ వెతుక్కుంది.

"ఇలాటిది ఇంకోటుందేటిరా? ఆ కొసకి పెట్టాల."

నాకు రాజీనామా చేసే వీలు లేదు. నన్ను తొలగించరు. పోదామంటే ఇంట్లో కుట్టు పని ఉంది. కానీ బేడ్జి విప్పకూడదని నిబంధనల్లో ఎక్కడా లేదు. నేను మొత్తం చదివాను.

చొక్కాకి ఉన్నది విప్పి ఇచ్చాను.